ఏమీ తోచని కాసేపు

అందరికీ నమస్కారం. మైకు మొరాయించడం వల్ల పది నిమిషాలు ఆలస్యమైంది. నిర్వాహకులు పాపం చాలా కంగారుపడ్డారు, నాకు రెండుసార్లు సారీ కూడా చెప్పారు. నిజానికి నేనే వాళ్లకు థ్యాంక్స్ చెప్పాలి. ఇవాళ నేను మాట్లాడాల్సిన విషయం ఆ పది నిమిషాల్లో నా కళ్ల ముందే నడిచింది. నేను వేదిక పక్కన నిలబడి ఉన్నాను. వైరు సరిచేస్తున్న అబ్బాయి ‘ఇంకో ఐదు నిమిషాలు సార్’ అన్నాడు. ఆ మాట వినపడగానే హాలులో తలలన్నీ వంగాయి. ముందు వరసలో ఇద్దరు పెద్దవాళ్లు మాత్రం ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. మిగతా అందరం ఫోన్లు తీశాం. ‘తీశాం’ అన్నాను, గమనించారా? నేనూ తీశాను. ఏం చూశానో తెలుసా? బ్యాటరీ ఎంతుందో చూశాను. 81 శాతం ఉంది. ఆ సంగతి తెలుసుకుని నేను చేసిందేమీ లేదు, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. (నవ్వులు)

నాకు ఇచ్చిన అంశం ‘స్మార్ట్‌ఫోన్ వ్యసనం, నిత్యజీవితంపై దాని ప్రభావం’. దీని మీద మీరు ఈపాటికి బోలెడు విని ఉంటారు. కళ్లు పాడవుతాయి, మెడ పట్టేస్తుంది, పిల్లలు చెడిపోతారు... ఆ పాట నేను మళ్లీ పాడను. నాకు ఒక్క మాట మీదే మాట్లాడాలని ఉంది. ‘తోచడం’ అనే మాట.

మన భాషలో ఇదొక చిత్రమైన క్రియ. పొద్దుపోక విసుగ్గా ఉంటే ‘ఏమీ తోచడం లేదు’ అంటాం. ఉన్నట్టుండి మంచి ఆలోచన వస్తే ‘భలే తోచిందే’ అంటాం. విసుగుకీ, కొత్త ఆలోచనకీ ఒకటే మాట. ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు, జనం నోళ్లలో అలా తయారైంది. కానీ అందులో ఒక నిజం ఉందని నాకు అనిపిస్తుంది. ఏమీ తోచకుండా కాసేపు కూర్చున్న మనిషికే, ఆ తర్వాత ఏదో ఒకటి తోస్తుంది. ఫోన్ మన గంటలు తినేస్తోందని అందరూ అంటారు. గంటలకు లెక్క ఉంది, ఆ లెక్క ఫోనే వారం వారం చూపిస్తుంది. ఈ తోచని కాసేపులకు మాత్రం ఎక్కడా లెక్క లేదు. నా దృష్టిలో పోతున్నవి అవే.

ఈ మాట ఊహించి చెప్పడం లేదు. నేను ఇరవై ఏళ్లుగా సైకాలజీ పాఠాలు చెబుతున్నాను. అలవాట్లు ఎలా పడతాయి, ఎలా వదులుతాయి అని బోర్డు మీద బొమ్మలు గీసి చెబుతాను. బెల్లు కొట్టగానే కారిడార్‌లో ఫోన్ చూసుకుంటూ నడుస్తాను. ఒకసారి అలా స్తంభానికి గుద్దుకున్నాను కూడా, అదీ నా స్టూడెంట్స్ ముందు. కిందటేడాది ఇక లాభం లేదని ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని రబ్బరు బ్యాండు వేసి ఫోన్‌కి కట్టేశాను. ఫోన్ చూడాలంటే ముందు ఆ బుక్కు అడ్డొస్తుంది. నియమం ఏమిటంటే ప్రతిసారీ మూడు ముక్కలు రాయాలి: ఏం చేస్తూ తీశాను, ఎందుకు తీశాను, తీసి ఏం చూశాను.

మొదటి రోజు మధ్యాహ్నానికే రెండు పేజీలు నిండాయి. కొన్ని చదువుతాను. ‘నీళ్లు కాగుతుండగా.’ ‘లిఫ్టులో, మూడో అంతస్తుకి.’ ‘కంప్యూటర్ ఆన్ అవుతుండగా.’ అంటే ఒక తెర వెలిగేలోపు ఆగలేక ఇంకో తెర చూశానన్నమాట. ‘జవాబు పత్రాలు దిద్దుతూ, ఒక అర్థం కాని వాక్యం దగ్గర.’ ‘అమ్మతో మాట్లాడుతూ, స్పీకర్ ఆన్ చేసి.’ ఆ చివరిది రాస్తున్నప్పుడు చెయ్యి కాస్త ఆగింది.

ఇక ‘ఎందుకు’ అన్న గడిలో ఏముందంటారా? ఎక్కువ చోట్ల ఒకటే మాట. ‘ఊరికే.’ మెసేజ్ వచ్చిందనో, ఎవరో పిలిచారనో తీసినవి కొన్నే. నోటిఫికేషన్లే మనల్ని పాడు చేస్తున్నాయని నేను అప్పటిదాకా నమ్మేవాణ్ని. ఫోన్ నన్ను పిలవలేదు, నేనే వెళ్లాను. వారం గడిచాక ఆ ‘ఊరికే’లన్నిటినీ వరసగా పెట్టి చూస్తే అవి రెండు చోట్ల పోగుపడ్డాయి. ఒకటి, చేయడానికి ఏమీ లేని నిమిషం. రెండోది, చేస్తున్న పని కష్టంగా మారిన నిమిషం. రెండింటిలోనూ పరిస్థితి ఒకటే: ఏమీ తోచడం లేదు. ఇంట్లో మాటామాటా అనుకున్నాక తీసినవీ కొన్ని ఉన్నాయి, అవి చదవను లెండి. (నవ్వులు)

ఈ ఖాళీల్లోకే ఫోన్ ఎందుకంత బాగా దూరుతుంది? దీనికి పాత కథ ఒకటి ఉంది. 1950లలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. పెట్టెలో పావురం ఉంటుంది. గోడ మీద ఒక బిళ్లని ముక్కుతో పొడిస్తే గింజలు పడతాయి. పొడిచిన ప్రతిసారీ గింజలు పడితే అది ఆకలేసినప్పుడు పొడుస్తుంది, కడుపు నిండాక మానేస్తుంది. అదే ఎన్ని పొడుపులకు గింజ పడుతుందో తెలియకుండా చేస్తే? ఒకసారి మూడింటికి, ఒకసారి ముప్ఫైకి. అప్పుడా పావురం ఆగకుండా పొడుస్తుంది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపటిదాకా పొడుస్తూనే ఉంటుంది. జూదం యంత్రం ముందు కూర్చున్న మనిషిని పట్టి ఉంచేది కూడా ఇదే లెక్క. మన ఫీడ్‌లోనూ అంతే. పది పనికిరాని పోస్టులు, పదకొండోది నవ్వు తెప్పిస్తుంది. ప్రతి పోస్టూ బాగుంటే బహుశా మనం తొందరగా లేచి వెళ్లిపోయేవాళ్లం.

ఇక్కడ డోపమైన్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య అందరూ దాన్ని ‘ఆనందం ఇచ్చే రసాయనం’ అంటున్నారు. కోతుల మీద వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు వేరే సంగతి చెబుతాయి. కోతికి జ్యూస్ చుక్క ఇస్తే మొదట్లో దాని మెదడులో డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. జ్యూస్‌కి ముందు ఒక సంకేతం వస్తుందని అది నేర్చుకున్నాక, ఆ స్పందన సంకేతం దగ్గరికి జరిగిపోయింది. అనుకున్న జ్యూస్ వచ్చినప్పుడు ప్రత్యేకంగా ఏమీ లేదు. రావాల్సింది రాకపోతే ఆ చురుకు ఉన్నదానికంటే తగ్గింది. అంటే అది దక్కినదాన్ని కాదు, దక్కుతుందన్న అంచనా ఎంత తప్పిందో, ఎంత మించిందో కొలుస్తోంది. తెలుగులో చెప్పాలంటే దాని భాష ‘ఏమో’. ఎవరైనా మెసేజ్ పెట్టారేమో, ఎవరైనా లైక్ కొట్టారేమో. అందుకే ఫోన్ తీస్తున్నప్పుడున్న ఉత్సాహం, చూశాక ఉండదు. నా నోటుబుక్కులో మూడో గడి, ‘ఏం చూశాను’ అన్నది, చాలాసార్లు ఖాళీగా ఉండిపోయింది. చూసి పక్కన పెట్టిన నిమిషానికే గుర్తులేదు.

ఈ ‘ఏమో’కి తోడు ఇంకో పని కూడా జరిగింది. ఒకప్పుడు వెబ్ పేజీకి అడుగు ఉండేది. కిందికి వెళ్లాక ‘తర్వాతి పేజీ’ అని ఉండేది, దాన్ని నొక్కాలి. ఆ నొక్కడంలో ఒక క్షణం ఆగుతాం. ‘చాలు, పడుకుందాం’ అనిపించే అవకాశం ఆ క్షణానిదే. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ క్షణాన్ని తీసేశాడు. కిందికి జరుపుతూ పోతే పేజీ వస్తూనే ఉంటుంది, అడుగన్నది లేదు. పాపం అతను జనం సమయం ఆదా చేద్దామనే చేశాడు. తర్వాత బహిరంగంగానే బాధపడ్డాడు. వేలితో కిందికి లాగి వదిలితే కొత్తవి వచ్చే ఏర్పాటు చేసిన లోరెన్ బ్రిక్టర్ కూడా తర్వాత అలాగే అన్నాడు. ఆ లాగడం నిజానికి అవసరమే లేదు, కొత్త పోస్టులు వాటంతటవే రాగలవు. అయినా లాగుతాం, జూదం యంత్రం పిడిని లాగినట్టే. తర్వాత వీడియోలు వాటంతటవే మొదలవడం వచ్చింది, రీల్స్ వచ్చాయి. చూడండి, అన్నిటిలో జరిగింది ఒకటే. మధ్యలో ఉన్న సందు మూసేశారు.

అలాగని నేరమంతా ఫోన్ మీద తోసేస్తే అన్యాయం. ఏమీ తోచకపోవడం మనిషికి ఎప్పుడూ కష్టమే. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ బృందం ప్రచురించిన ప్రయోగం ఒకటుంది, నాకు చాలా ఇష్టం. మనుషుల్ని ఒక్కొక్కరిగా ఖాళీ గదిలో 15 నిమిషాలు కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఒక బటన్ మాత్రం ఉంది. నొక్కితే చిన్న కరెంటు షాక్ కొడుతుంది. ఆ షాక్ ఎలా ఉంటుందో ముందే రుచి చూపించారు కూడా. ‘ఇది మళ్లీ తగలకుండా ఉండటానికి డబ్బయినా ఇస్తాం’ అన్నవాళ్లలో, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు ఆ గదిలో కూర్చోలేక బటన్ నొక్కుకున్నారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మన జేబులో ఉన్నది షాక్ కొట్టని బటన్. రంగురంగుల బటన్. దాన్ని నొక్కకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

మరి కష్టమైనదాన్ని తప్పించుకుంటే నష్టమేమిటి? 2001లో మార్కస్ రైకిల్ అనే శాస్త్రవేత్త బృందం ఒక విషయాన్ని వివరించింది. మనం ఏ పనీ చేయనప్పుడు మెదడు ఖాళీగా ఉండదు. కొన్ని భాగాలు అప్పుడే ఎక్కువ పని చేస్తాయి. దానికి ‘డీఫాల్ట్ మోడ్’ అని పేరు. పాత సంగతులు గుర్తుచేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో అనుకోవడం, ఇలాంటివాటితో ఆ భాగాలకు సంబంధం ఉందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ‘ఆవిడ అలా ఎందుకంది?’ అని స్నానం చేస్తూ తట్టే ఆలోచన లాంటిది. అన్నీ తీపి ఆలోచనలే రావు, నిజమే. మనసు తిరిగి తిరిగి ఒకే బాధ దగ్గరికి పోయేవాళ్లకు ఖాళీ సమయం నరకంలా ఉంటుంది. వాళ్లు ఫోన్ పట్టుకుంటే నేను తప్పు పట్టను.

పని విషయానికి వద్దాం. కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్లని గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఏళ్ల తరబడి గమనించారు. 2004 ప్రాంతంలో మనిషి ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచేవాడు. తర్వాత తర్వాత అది 47 సెకన్లకు దిగింది. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారినప్పుడు మన ధ్యాస మొత్తం మనతో రాదు, కొంత వెనకే ఉండిపోతుందని 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చూపించారు. ఇది మీ అందరికీ అనుభవమే. ఒక మెసేజ్ చూసి పక్కన పెట్టి మళ్లీ పనిలో పడతారు. కళ్లు కాగితం మీదే ఉంటాయి, లోపల మాత్రం ఆ మెసేజ్‌కి జవాబు తయారవుతూ ఉంటుంది. 2017లో ఇంకో ప్రయోగం పేపర్లలో బాగా వచ్చింది. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సరే, దాన్ని బల్ల మీద పెట్టుకున్నవాళ్ల కంటే పక్క గదిలో పెట్టి వచ్చినవాళ్లు పరీక్షల్లో మెరుగ్గా చేశారని. ఆ తర్వాత చేసిన ప్రయోగాల్లో అన్నిసార్లూ అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని శిలాశాసనంలా చెప్పను. నా అనుభవం మాత్రం పక్క గది వైపే.

ఒంటి సంగతులు త్వరగా ముగిస్తాను. తెర చూస్తున్నప్పుడు రెప్పలు మామూలుగా కంటే బాగా తక్కువసార్లు కొడతాం, అందుకే కళ్లు పొడిబారి మండుతాయి. మెడ సంగతి మీ మెడే చెబుతుంది. రాత్రిపూట తెర వెలుతురు, నిద్రవేళైందని ఒంటికి చెప్పే మెలటోనిన్ అనే హార్మోన్‌ని కొంత తగ్గిస్తుందనేది నిజమే కానీ, నీలం రంగు ఫిల్టర్ పెట్టేసి ఒంటిగంట దాకా వీడియోలు చూస్తే ఆ ఫిల్టర్ ఏం చేస్తుంది? నిద్ర చెడగొట్టేది వెలుతురు ఒక్కటే కాదు. పగలంతా సందుల్లేకుండా చేసుకున్నాం కదా, తోచాల్సినవన్నీ క్యూ కట్టి ఎదురుచూస్తుంటాయి. ఫోన్ పక్కన పెట్టి లైటు తీసేయగానే ఒక్కసారి మీద పడతాయి. కట్టాల్సిన బిల్లు, అనకూడని మాట, చేయని ఫోన్. భరించలేక మళ్లీ ఫోన్ తీస్తాం. ‘నిద్ర పట్టడం లేదు, అందుకే ఫోన్ చూస్తున్నాను’ అని నా దగ్గరికి వచ్చే పిల్లలు అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇవేవీ కాదు. మాటల మధ్య వచ్చే మౌనం గురించి చెప్పాలి. మనిషి మనసులో ఉన్న అసలు మాట చెప్పేముందు కాసేపు ఆగుతాడు. ఏదో పిచ్చాపాటీ మాట్లాడి, ఊరుకుని, గోళ్లు చూసుకుని, అప్పుడు చెబుతాడు. రెండేళ్ల కిందట ఒక స్టూడెంట్ లీవ్ లెటర్ పట్టుకుని నా గదికి వచ్చాడు. సంతకం పెట్టి ఇచ్చాను. తీసుకున్నాడు గానీ కదల్లేదు. ‘ఇంకేంటి?’ అన్నాను. ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనంలో నా చెయ్యి దాని పని అది చేసేసింది. ఫోన్ తీసి చూశాను, మహా అయితే నాలుగు సెకన్లు. తలెత్తేసరికి ‘ఏం లేదు సార్’ అని తలుపు దాకా వెళ్లిపోయాడు. నెల తిరిగాక తెలిసింది, చదువు మానేశాడని. ఆ రోజు అడిగి ఉంటే ఆగేవాడా? ఏమో, చెప్పలేను. కానీ ఆ నాలుగు సెకన్లూ అతనివి.

1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం మీలో కొందరు వీడియోలో చూసే ఉంటారు. తల్లి పసిబిడ్డతో ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండిపోవాలి. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, కేకలు పెడుతుంది, చివరికి మొహం తిప్పేసుకుంటుంది. అప్పటికి ఈ ఫోన్లు లేవు. కానీ ఫోన్ చూస్తున్న మనిషి ముఖాన్ని ఒకసారి పక్క నుంచి చూడండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీన్ని వ్యసనం అనొచ్చా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో జూదం ఉంది, వీడియో గేముల వ్యసనం ఉంది. స్మార్ట్‌ఫోన్ వ్యసనం అనే ప్రత్యేకమైన రోగం లేదు. నాకు కూడా అందరికీ ఆ ముద్ర వేయడం ఇష్టం లేదు. మందు మానేయమని చెప్పొచ్చు. ఫోన్ మానేయమని ఎలా చెబుతాం? బ్యాంకు అందులోనే, టికెట్ అందులోనే, ఓటీపీ అందులోనే, దూరాన ఉన్న పిల్లల ముఖం అందులోనే. కాకపోతే కొందరి విషయంలో ఇది అలవాటు దాటిపోతుంది. తగ్గించుకుందామని పదేపదే అనుకుని చేయలేకపోవడం, దాచి చూడటం, ఎంతసేపు చూశావంటే అబద్ధం చెప్పడం, ఉద్యోగమో చదువో నిద్రో కళ్ల ముందే పోతున్నా ఆపలేకపోవడం. అలాంటివాళ్లకు ఉపన్యాసాలు, చీవాట్లు పనికిరావు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చాలాసార్లు దాని వెనక దిగులో, భయమో ఉంటుంది. ఫోన్ లాక్కుంటే అది పోదు.

మిగతా మనబోటివాళ్లం ఏం చేయాలి? నేను చేసినవి చెబుతాను, పని చేయనివి ముందు. టైమ్ లిమిట్ పెట్టుకున్నాను. 2018లో ఆపిల్, గూగుల్ రెండూ ఈ సదుపాయాన్ని తెచ్చాయి. టైమ్ అయిపోగానే తెర మూసుకుంటుంది, దాని మీదే ‘ఇవాళ్టికి పట్టించుకోకు’ అని ఇంకో బటన్ ఉంటుంది. తాళం వేసి తాళంచెవి దానికే వేలాడదీసినట్టు. యాప్ తీసేశాను, బ్రౌజర్‌లో తెరిచాను. తెరని బ్లాక్ అండ్ వైట్ చేశాను, కొంచెం నయం, రంగుల్లేని రీల్స్ నిజంగానే చప్పగా ఉంటాయి. బాగా పనిచేసింది మాత్రం దూరం. ఒక మామూలు అలారం గడియారం తెచ్చుకుని, ఛార్జర్‌ని పడకగదిలోంచి బయట పెట్టాను. పని చేసేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఉంటుంది. లేచి వెళ్లాలంటే బద్ధకం. నా బద్ధకం నాకు మేలు చేసింది అదొక్కసారే.

లిఫ్టులో ఇప్పుడు ఫోన్ తీయడం లేదు. మొదట్లో ఎక్కడ చూడాలో తెలిసేది కాదు. ఇప్పుడు పక్క ఫ్లాట్ ఆయన తెర మీదకు కళ్లు పోతున్నాయి, అదో కొత్త జబ్బు. (నవ్వులు)

నోటుబుక్కు ఇంకా ఉంది, ఇదిగో. ఎంట్రీలు తగ్గాయి, ఆగలేదు. చివరిది నిన్న రాత్రిది. ‘ప్రసంగం రాసుకుంటూ, తోచడం అనే మాట దగ్గర.’ ఆ చోట ఇంకా మంచి వాక్యం ఏదో ఉందనిపించింది, ఎంతకీ కుదరలేదు. లేచి పక్క గదిలోకి వెళ్లి మరీ తెచ్చుకున్నాను. ఎందుకు: ఊరికే. ఏం చూశాను: రేపు వాన పడుతుందా అని. ఆ వాక్యం ఇంకా దొరకలేదు, మీరు గమనించే ఉంటారు. ప్రశ్నలుంటే అడగండి, ఈ మైకు ఒప్పుకున్నంతసేపు ఇక్కడే ఉంటాను.